షోరూంకి రంగులు, దఫ్తర్‌కి తాళం

ఈసారి నా గుస్సా ఒక వెబ్‌సైట్ మీద. మోడల్ రైళ్లు తయారుచేసే కంపెనీ వెబ్‌సైట్ మీద. నవ్వుకుంటే నవ్వుకోండి. దునియాలో ఇన్ని పరేషానీలుండగా బొమ్మ రైళ్ల గోల ఏమిటని మా ఇంట్లో కూడా అన్నారు. అయినా పూర్తిగా వినండి. మీ ఇంట్లో అమ్మీ కుట్టుమిషనో, అబ్బా పాత స్కూటరో ఉంటుంది కదా. దాన్ని చేసినవాడు కూడా రేపు ఇదే పని చేయొచ్చు.

ముందు ఆ ‘బొమ్మ’ అనే మాట సంగతి చూద్దాం. నేను మాట్లాడేది చాబీ తిప్పితే గిరగిరా తిరిగే తగరపు బండి గురించి కాదు. అసలు ఇంజిన్ని కొలతలు తీసి, 87వ వంతుకు కుదించి చేసే యంత్రం గురించి. దీన్ని హెచ్‌ఓ స్కేల్ అంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇంజిన్ లోపల మోటారు ఉంటుంది, దాని కింద గేర్ల వరస ఉంటుంది, పట్టాల మీది కరెంటును చక్రం నుంచి లాక్కునే వెంట్రుకంత సన్నటి రేకులుంటాయి. ఎత్తెక్కేటప్పుడు జారకుండా ఒకటో రెండో చక్రాలకు రబ్బరు ఉంగరం తొడుగుతారు. మోటారులో బొగ్గు బ్రష్షులు అరుగుతాయి. రబ్బరు కొన్నేళ్లకు గట్టిపడి పగులుతుంది. గేరు పన్ను విరుగుతుంది. కొత్తదైతే మూడు నాలుగు వందల యూరోల ఖరీదు మామూలే. అంత సొమ్ము పోసిన యంత్రానికి ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతు తప్పదు. మరమ్మతుకు నక్షా కావాలి, పుర్జా నంబర్ కావాలి. నా జగడమంతా ఆ కాగితాల గురించే.

కంపెనీ యూరప్‌ది, పాతది, ఖాందానీది. పేరు రాయను. ఒక్క దుకాణాన్ని బద్నాం చేయడం నా మక్సద్ కాదు.

వాళ్ల పాత వెబ్‌సైట్ చూడ్డానికి బద్సూరత్‌గా ఉండేది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. బూడిద రంగు, చీమల్లాంటి అక్షరాలు, ఎడమ పక్కన చాంతాడంత జాబితా. కానీ పైన ఒక చిన్న గడి ఉండేది. ఇంజిన్ డబ్బా మీది నంబర్ అందులో కొడితే చాలు, ఖజానా తెరుచుకునేది. ఆ మోడల్ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చేశారు, పొడవెంత, ఎంత వంపులో తిరుగుతుంది, ఏ రకం డీకోడర్ పడుతుంది, అన్నీ ఒక్క పేజీలో. కింద మాన్యువల్. దాని కింద అసలు జవాహర్: ఇంజిన్ని గాలిలో విప్పి పరిచినట్టు గీసిన నక్షా. ప్రతి స్క్రూ, ప్రతి స్ప్రింగు విడివిడిగా, పక్కనే దాని పుర్జా నంబర్. స్టాకులో ఉందో లేదో కూడా. ఇరవై ముప్పై ఏళ్ల కిందట అమ్మిన ఇంజిన్లకు కూడా ఆ పేజీలుండేవి. ఎవడో పాత ఉద్యోగి, పేరూ ఊరూ తెలియని కారీగర్, స్కానర్ ముందు కూర్చుని ఒక్కో కాగితం ఎక్కించి ఉంటాడు. వాడికి నా సలాం.

ఇప్పుడు కొత్తది చూడండి. తెరవగానే వీడియో. ఆవిరి చిమ్ముతూ ఇంజిన్, వెనక సూర్యాస్తమయం, ఒక తాత, ఒక మనవడు, ఇద్దరి నవ్వులు. అది లోడ్ అయ్యేలోపు నేను చాయ్ పెట్టుకుని తాగొచ్చు. తర్వాత కుకీలకు ఇజాజత్ అడుగుతుంది. తర్వాత ముల్క్ ఎంచుకోమంటుంది. జాబితాలో హిందూస్తాన్ లేదు. చిట్టచివర ‘మిగతా ప్రపంచం’ అని ఉంది, మనం అందులో. చలో, కూర్చున్నాం. పుర్జాల పేజీకి పోవాలంటే అకౌంట్ తెరవాలట. తెరుద్దామంటే పిన్‌కోడ్ గడిలో ఐదు అంకెలకు మించి పట్టవు. మనది ఆరంకెల పిన్‌కోడ్. ఒక అంకె మింగేసి లోపలికి పోయి, డబ్బా మీది నంబర్ కొట్టాను. ఏమీ దొరకలేదంది. దాని కింద, మీకు ఇవి నచ్చవచ్చంటూ ఆరేళ్ల పిల్లల స్టార్టర్ సెట్ చూపించింది. నా వయసు యాభై నాలుగు.

సరే, కొత్త మాల్ అయినా చూద్దామనుకుంటే అక్కడా అంతే. ఇదివరకు మొదటి ప్రశ్న స్కేలు. హెచ్‌ఓ వాడు హెచ్‌ఓ గదిలోకి, ఎన్ వాడు ఎన్ గదిలోకి. ఎన్ అంటే 160వ వంతు, పట్టాలు 9 మిల్లీమీటర్లు. దాని బండి దీని మీద ఎక్కదు, దీని బండి దాని మీద నిలవదు. ఇప్పుడు మొదటి ప్రశ్న ‘ఎవరికి తోఫా ఇస్తున్నారు?’ అని. రెండోది బడ్జెట్. మూడోది ‘థీమ్’. స్కేలు ఎక్కడో కింద, నొక్కితే విచ్చుకునే సందులో దాక్కుని ఉంది. చెప్పుల దుకాణంలో సైజు అడగకుండా, మీరు ఖుషీగా ఉన్నారా ఉదాస్‌గా ఉన్నారా అని అడిగి జోళ్లు చూపిస్తే ఎట్లుంటుంది?

అన్నిటికన్నా నా ఒళ్లు మండింది వంపు విషయంలో. పట్టాల వంపు ఎంత ఇరుకుగా ఉన్నా తిరగగలదా లేదా అన్నదానికి ప్రతి ఇంజిన్‌కూ ఒక హద్దు ఉంటుంది, మిల్లీమీటర్లలో. బల్ల మీద చోటు తక్కువ ఉన్నవాళ్లం 360 మిల్లీమీటర్ల దగ్గర్లో వంపు వేసుకుంటాం. పెద్ద చక్రాల పొడుగు ఇంజిన్ ఆ మలుపులో పట్టా తప్పుతుంది. మన ఇంటి మలుపులో తిరగనిది మన దగ్గర అల్మారాలో నిలబడటానికే పనికొస్తుంది. కొనేముందు ఖరీద్దార్‌కు తెలియాల్సిన మొట్టమొదటి అంకె అది. కొత్త పేజీలో అది లేదు. ఇంజిన్ని ఎనిమిది వైపుల నుంచి తీసిన ఫొటోలున్నాయి, ఒక్కటీ కింది నుంచి లేదు. పొగ గొట్టం గురించి నాలుగు వాక్యాల షాయరీ ఉంది.

‘మిగతా ప్రపంచం’లో పడేసిన మా వంటివాళ్లకు ఆ నక్షాలు యూరప్ వాళ్లకన్నా ఎక్కువ జరూరత్. ఎందుకో చెప్తాను. మన రైళ్ల నమూనాలు పెద్ద కంపెనీలు దాదాపుగా చేయవు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26 రావాలి, మార్కెట్లో దొరికే పట్టా 16.5. ఆ రెండున్నర పైచిలుకు మిల్లీమీటర్ల తేడాతో రాజీపడి, యూరప్ ఇంజిన్ చాసిస్ తీసుకుని, దాని మీద మన ఇంజిన్ ఒళ్లు ప్లాస్టిక్ షీటుతోనో ఇత్తడి రేకుతోనో కట్టుకుంటాం. ఇప్పుడు 3డి ప్రింటింగ్ కూడా వచ్చింది. ఇది మా దేశీ హునర్.

నేను రెండేళ్లుగా కడుతున్నది డబ్ల్యూపీ. 1947లో మొదటివి అమెరికాలోని బాల్డ్విన్ నుంచి దిగాయి. ముక్కు గుండ్రంగా, తుపాకీ గుండులా ఉంటుంది. మా అబ్బా కాజీపేట షెడ్‌లో ఫిట్టర్, ఆ ముక్కు మీద చెయ్యేసి పెరిగాను నేను. డబ్ల్యూపీ పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు. 87వ వంతు అంటే 19.5 మిల్లీమీటర్ల చిల్లర. జర్మనీ 01 తరగతి ఇంజిన్‌కూ అదే చక్రాల అమరిక, కానీ దాని చక్రం 2 మీటర్లు, కుదిస్తే 23 వస్తుంది. మన ఇంజిన్ కింద పెడితే ఒంటె కాళ్ల మీద గేదెలా ఉంటుంది. ప్రష్యన్ పి8 చక్రం 1.75 మీటర్లు, అంటే 20కి కాస్త పైన. చూసే కంటికి తేడా తెలియదు. అందుకే పి8 చాసిస్ తీసుకున్నాను. ఇప్పుడు దాని చక్రాల మధ్య ఎడం ఎంత, గేరు డబ్బా ఎక్కడ పొడుచుకొస్తుంది, మోటారు ఎంత ఎత్తు లేస్తుంది అనేవన్నీ నక్షాలో ఉండేవి. చాసిస్ కొనకముందే కాగితం మీద కొలుచుకునేవాళ్లం.

ఆ కొలత లేకపోతే గుడ్డిగా కొనాలి. మన దగ్గర గుడ్డిగా కొనడం ఎంత మహంగా పడుతుందో తెలుసా? 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పోయింది. పన్ను రాసేవాడి కితాబులో మా స్కేల్ మోడళ్లు కూడా బొమ్మలే. దాని మీద కొరియర్ ఖర్చు. తప్పు చాసిస్ వస్తే వాపస్ పంపే ఖర్చుతో ఇంకో ఇంజిన్ వస్తుంది. జర్మనీలో ఉన్నవాడు రెండు వీధులు నడిచి దుకాణంలో మార్చుకుంటాడు. నాకు ఆ కాగితమే దుకాణం.

డీకోడర్ల సంగతి ఇంకో కహానీ. ఈ రోజుల్లో ఇంజిన్ లోపల ఒక చిన్న చిప్పు ఉంటుంది, దానికి అంకెల్లో హుకుం ఇవ్వాలి. ఈ అంకె మారిస్తే అడ్రసు మారుతుంది, ఆ అంకె మారిస్తే దీపం వెలుగుతుంది, ఇంకోటి మారిస్తే బండి మెల్లగా కదులుతుంది. కొన్ని అంకెలు అందరికీ ఒకటే. మిగతావి ఏ తయారీదారు ఇష్టం వాడిది. ఆ పట్టీ పోతే మంచి ఇంజిన్ కూడా గూంగా అయిపోతుంది. పట్టీ కంపెనీ దగ్గర ఉంది, పాత సైట్లో ఉండేది, కొత్తదానిలోకి తీసుకురాలేదు.

ఇక అసలు మాట. ఇంజిన్ అమ్మినప్పుడు కంపెనీ నాకు ఏం అమ్మింది? లోహమూ ప్లాస్టిక్కూ మాత్రమేనా? డబ్బాలో మాన్యువల్ పెట్టి, పుర్జాల నంబర్లు అచ్చువేసి, మరమ్మతు చేసుకుంటూ వాడుకోమని వాదా చేసింది. ఆ వాదా కూడా ఖరీదులో ఉంది. ఆ కాగితాలు కంపెనీ చేతిలో ఉన్నాయంటే అవి మా అమానత్. తన సొంత గోడ మీది పోస్టర్ చించుకున్నట్టు చించేసుకోవడానికి దానికేం హక్కు? చేసినవాడే గుర్తుపట్టనంటే ఆ యంత్రం లావారిస్ అవుతుంది. అల్మారాలో ఉన్న నా పదకొండు ఇంజిన్లు ఒక్క రాత్రిలో లావారిస్ అయ్యాయి, వాటిలో ఏ ఒక్కటీ చెడిపోకుండానే.

కంపెనీ తరఫున వకాలత్ చేసే దోస్తులు కూడా ఉన్నారు. భాయ్, శౌక్ ముసలిదైపోతోంది, కొత్త పిల్లలు రావాలి, వాళ్లు ఫోన్‌లో చూస్తారు, పాత సైట్ ఫోన్‌లో కనబడేది కాదు, కంపెనీ బతకాలి కదా అంటారు. బతకాలి, నేనెందుకు కాదంటాను? ఫోన్‌లో కనబడేలా చేయండి, వీడియో పెట్టండి, తాతనూ మనవణ్నీ పెట్టండి. కానీ ఆ వీడియోలో తాత మనవడికి ఇస్తున్నదేమిటి? నలభై ఏళ్ల కిందటి ఇంజిన్. విరాసత్ అని చూపించి అమ్ముతున్నారు. ఆ ఇంజిన్ డబ్బా నంబర్ ఆ మనవడు సైట్లో కొడితే ‘ఏమీ దొరకలేదు’ అంటుంది. వారిస్‌కు తాళంచెవి ఇచ్చి ఇంటిని కూల్చేసినట్టు లేదా?

ఇంకొకరు, ఆయన సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారు, పాత సైట్ నడిపితే హ్యాకింగ్ ఖతరా అన్నారు. పాత ప్రోగ్రాముకు ఆ ఖతరా నిజమే. అయితే నేనడిగేది ప్రోగ్రాము కాదు, కాగితాలు. కదలని పేజీలు, పీడీఎఫ్‌లు. వాటిని ఒక మూల సర్వర్‌లో పడేస్తే చాలు. ఆ సూర్యాస్తమయం వీడియోకు పెట్టిన ఖర్చులో అది ఎన్నో వంతో ఆయన్నే లెక్కకట్టమన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇదేమీ నేను కనిపెట్టిన కొత్త ఫార్ములా కాదు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే ఒక చిన్న వ్యాసం రాశారు, మంచి చిరునామాలు మారవని. పేజీలు జరపాల్సి వస్తే పాత చిరునామాకు వచ్చినవాణ్ని కొత్త చోటికి పంపే ఏర్పాటు ఉంది, సర్వర్‌లో ఒక వరస రాస్తే సరిపోతుంది. ఇల్లు మారినవాడు పాత గుమ్మం మీద చీటీ అంటించి పోతాడు చూడండి, అంతే. ఈ కంపెనీ చీటీ అంటించలేదు. ఇన్నేళ్లలో మా వంటివాళ్లు ఎక్కడెక్కడో రాసిపెట్టుకున్న లింకులన్నీ ఇప్పుడు ఒకే చోటికి పోతున్నాయి: ‘పేజీ లేదు’. దాని పక్కన పట్టాలు తప్పిన ఒక ముద్దు రైలు కార్టూన్. మజాక్ చేస్తున్నారు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకమని సలహా ఇచ్చారు కొందరు. వాళ్ల వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి అందరికీ తెరిచి ఉంది, దాని మేలు నేను మరిచిపోను. కొన్ని మాన్యువళ్లు అక్కడే దొరికాయి. కానీ అది లింకు పట్టుకుని పోయి పేజీలు తెచ్చుకుంటుంది. గడిలో నంబర్ కొడితేనే తెరుచుకునే పేజీలు దానికి చాలావరకు అందవు. మా నక్షాలన్నీ ఆ గడి వెనకే ఉండేవి.

ఈ శౌక్ చరిత్ర తెలిసినవాడికి ఈ పని ఇంకా గలత్‌గా కనిపిస్తుంది. ఒకప్పుడు ఒక కంపెనీ బోగీ ఇంకో కంపెనీ ఇంజిన్‌కు తగిలేది కాదు. అమెరికాలో 1935లో శౌకీన్లే జమై ఎన్‌ఎంఆర్ఏ అనే సంఘం పెట్టుకుని, చక్రం అంచు ఇంత, పట్టా ఎడం ఇంత అని కొలతలు రాశారు. యూరప్‌లో 1954లో మోరోప్ అనే సమాఖ్య పుట్టి అదే పని చేసింది. ఆ కొలతల కాగితాలు ఇవాళ్టికీ వాళ్ల సైట్లలో ఉచితంగా చదువుకోవచ్చు. ఈ కంపెనీ కప్లింగు పెట్టే జేబు కూడా ఆ కాగితం ప్రకారమే చేసింది. పదిమంది కూర్చుని తెరిచి పెట్టిన ఇల్మ్ మీద వ్యాపారం కట్టుకుని, తన వంతు ఇల్మ్‌కు మాత్రం తాళం వేయడం ఏం ఇన్సాఫ్?

మా అబ్బా షెడ్‌లో నక్షాలకు ఒక ఇనప అల్మారా ఉండేది. తీసినవాడు రిజిస్టర్‌లో దస్తఖత్ చేయాలి. ఒకసారి ఆఫీసు గదికి సున్నాలు వేసి, కొత్త బల్లలు తెప్పించారు. పాత అల్మారాకు తుప్పు పట్టిందని ఒక కొత్త క్లర్కు దాన్ని స్క్రాప్‌కు రాశాడు. లోపల కాగితాలున్నాయని అబ్బా వాళ్లు అల్మారా ముందు నిలబడ్డారట. కాగితాలు కొత్త బల్లల్లోకి ఎక్కాకే అల్మారా గుమ్మం దాటింది. ఎవరూ హీరో అనుకోలేదు, ఎవరికీ శాలువా కప్పలేదు. రేపు పొద్దున షెడ్‌లోకి వచ్చే ఇంజిన్ పాతదే అని వాళ్లకు తెలుసు.

కానూన్ ఏమైనా పనికొస్తుందా అని కూడా చూశాను. యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు మీద ఒక ఆదేశం తెచ్చింది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్ల వంటి కొన్ని సరుకులకే అది వర్తిస్తుంది, మా రైళ్లు ఆ జాబితాలో లేవు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది, కంపెనీలు మాన్యువళ్లు, పుర్జాల వివరాలు అందులో పెట్టాలని. కార్లు, ఫోన్లు, ట్రాక్టర్ల వంటివాటికి మంచిదే. యూరప్‌లో కూర్చున్న రైలు కంపెనీ దానికి జవాబ్‌దారీ కాదు. అంటే మాకు మిగిలింది కంపెనీ షరాఫత్ ఒక్కటే.

ఆ షరాఫత్ ఎంతుందో చూద్దామని రాశాను. మొదట చాట్ డబ్బాలో నవ్వుమొహం పలకరించింది. ఆర్డర్ నంబర్ అడిగింది. ఇంజిన్ 2009లో దుకాణంలో కొన్నాను, నీ దగ్గర కాదు అన్నాను. ఆర్డర్ నంబర్ లేనిదే మదద్ చేయలేనంది. నాలుగుసార్లు అదే ప్రశ్న, అదే నవ్వు. తర్వాత ఈమెయిల్ రాశాను, నంబర్లతో సహా, అదబ్‌గా. మూడు వారాలకు జవాబ్ వచ్చింది. తయారీ ఆపేసిన మోడళ్ల పత్రాలు ఇక ఇవ్వడం లేదని, నా అవగాహనకు షుక్రియా అని. నేను ఇంకా ఏమీ అవగాహన చేసుకోలేదు, వాళ్లు ముందే షుక్రియా చెప్పేశారు.

నా ముతాలబా నాలుగు మాటల్లో తిరిగి పంపాను. పాత మోడళ్ల మాన్యువళ్లు, నక్షాలు, డీకోడర్ పట్టీలు ఉన్నవి ఉన్నట్టుగా ఒక పక్క చిరునామాలో పెట్టండి. పాత లింకులను అటు మళ్లించండి. అకౌంట్ అడగకండి. కొత్త పేజీల్లో వంపు హద్దు, పొడవు, చక్రం కొలత మొదటి తెర మీద రాయండి. పెట్టడం మీ వల్ల కాదంటే ఆ ఫైళ్లు మాకు ఇచ్చేయండి, శౌకీన్ల సంఘాలే పెట్టుకుంటాయి. పిన్‌కోడ్ గడి సంగతి కూడా రాశాను, అది చేయడానికి వాళ్లకు ఒక పూట పట్టదు.

ఈలోగా నేనూ, పుణేలో ఒకరు, చెన్నైలో ఇద్దరు కలిసి ఎవరి కంప్యూటర్‌లో ఏం మిగిలిందో ఏరుతున్నాం. నా దగ్గర 63 మాన్యువళ్లు తేలాయి. కాజీపేట, సికింద్రాబాద్, విజయవాడ వైపు పాత డబ్బాలున్నవాళ్లు ఎవరైనా ఉంటే అడుగున కాగితం ఉందేమో చూడండి. నాకు తక్షణం కావలసింది పి8 నక్షా రెండో పేజీ. మోటారు వెనక రెండో గేరుకు ఎన్ని పళ్లున్నాయో అందులో ఉంటుంది. నా దగ్గరున్న గేరు మూడు ముక్కలైంది, ఒక ముక్క బల్ల కింద ఎక్కడో పడింది, లెక్కపెట్టడానికి కుదరడం లేదు.